స్పర్శరేఖ చరిత్రము



గణితవిషయమును పటము లేకుండ ప్రసంగించుట దీపము లేని గదిలో చిత్తరువు చూపుటవంటిది. మీ యెదుట నల్లబల్ల లేదు. నా చేత సుద్దముక్క లేదు. అయినను నేఁడు నేను చెప్పఁబూనిన దానికి ఒక వంపు, రెండు గీతలు చాలును. వానిని మీరు మనస్సులోనే గీచికొనఁగలరు.

నేను ఉపాధ్యాయుఁడనైన తొలి సంవత్సరములలో ఒకనాఁడు తరగతిలో స్పర్శరేఖకు లక్షణము చెప్పుచుంటిని. వక్రరేఖను ఒక్క బిందువునందే తాఁకి, ఎంత పొడిగించినను దానిని ఖండింపని సరళరేఖయే స్పర్శరేఖ యని వ్రాయించితిని. వెనుక వరుసలోని పిల్లవాఁడొకఁడు లేచి, "పంతులుగారూ, నా గీత ఇక్కడ వంపును తాఁకుచున్నది. కాని పొడిగించితే అటుప్రక్కన దానినే కోసికొని పోవుచున్నదండీ. ఇది స్పర్శరేఖ కాదా?" అని కాగితము చూపెను. నేను సరిగా చూడకయే, "వంపు తప్పు గీచితివి, కూర్చుండుము" అంటిని. వాఁడు కూర్చుండెను.

వాఁడు గీచినది ఘనముల వక్రము. అనఁగా అడ్డముగా ఎంత దూరము పోయిన, ఆ దూరముయొక్క ఘనమంత ఎత్తున నుండు బిందువుల వరుస. వంపులో తప్పు లేదు. తప్పు నా లక్షణములోనే యున్నదని తెలియుటకు నాకు కొన్ని యేండ్లు పట్టినది. లక్షణమునకు అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవము అను మూఁడు దోషములు ఉండరాదని గురువులయొద్ద వల్లె వేసినవాఁడను. అట్టి నేను చెప్పిన లక్షణమునకు అవ్యాప్తి పట్టినది. స్పర్శరేఖయైన దానినే అది బయటికి నెట్టినది గదా! ఆ దోషమెక్కడినుండి వచ్చినదో వెదకుచు పోఁగా ఇరువదిమూఁడు శతాబ్దముల కథ బయటపడినది. అదియే నేఁటి ప్రసంగము.

ఆ లక్షణము నా సొంతము కాదు. క్రీస్తునకు పూర్వము 300 ప్రాంతమున యూక్లిడు రచించిన క్షేత్రగణిత గ్రంథమున మూఁడవ భాగమందు, వృత్తమును కలిసికొని, పొడిగించినను ఖండింపని రేఖ వృత్తమును స్పృశించునని చెప్పఁబడినది. వృత్తమునకు ఇది చాలును. బండిచక్రము చదునైన బాటను ఒక్కచోటనే తాఁకును. బాట ఎంత దూరము సాగినను చక్రములోనికి చొరఁబడదు. యూక్లిడు వృత్తమును గూర్చి చెప్పిన మాటను మేము ఎల్ల వంపులకు అంటగట్టితిమి. ఆయన దోషమేమున్నది?

విశేషమేమనఁగా, అదే భాగమున 16వ ప్రతిపాదనలో యూక్లిడు ఇంతకంటె లోతైన మాట యొకటి చెప్పెను. వ్యాసముయొక్క కొనయందు దానికి లంబముగా గీచిన రేఖ వృత్తమునకు వెలుపలనే యుండునని చెప్పి, ఆ రేఖకును వృత్తమునకును నడుమ మఱి యే సరళరేఖయు దూరఁజాలదని నిరూపించెను. ఖండించుటా, ఖండింపకపోవుటా యన్నది ఇచ్చట ప్రశ్న కాదు. అంతకంటె దగ్గఱగా వంపును ఒరసికొని పోవు గీత మఱొకటి లేదనుటయే సారము. ఈ మాట పట్టుకొనియుండిన నేను ఆ పిల్లవానిని కూర్చుండఁబెట్టి యుండను.

యవనులు వృత్తముతో ఆఁగిపోలేదు. ఆర్కిమిడీసు సర్పిలమునకు, అపోలోనియసు పరావలయము, దీర్ఘవృత్తము మొదలైన శంకుచ్ఛేదములకు స్పర్శరేఖలు గీచిరి. అయితే ఒక్కొక్క తాళమునకు ఒక్కొక్క తాళపుచెవి. ఏ వంపు వచ్చినను పనిచేయు విధానము వారికి చిక్కలేదు. చిక్కకపోవుటకు కారణము చిన్నది. సరళరేఖను నిర్ణయించుటకు రెండు బిందువులు కావలెను. వంపును రెండుచోట్ల కోయు ఛేదనరేఖకు రెండు బిందువులును కలవు. వానిని కలిపిన చాలును. స్పర్శరేఖకు ఉన్నది ఒక్కటే బిందువు. రెండవది ఎక్కడినుండి తేవలెను? ఈ రెండు రేఖలకును ఐరోపావారు వాడు టాంజెంటు, సీకెంటు అను పేర్లు లాటినులో తాఁకునది, కోయునది అని యర్థమిచ్చునవి. 1583లో థామస్ ఫింకె తన గ్రంథమున వానిని ప్రవేశపెట్టెను. మన స్పర్శరేఖ, ఛేదనరేఖ యను మాటలకును అదే భావము.

ఇఁక పదునేడవ శతాబ్దమునకు పోదము. ఫ్రాన్సులో టులూజ్ నగరమున ఫెర్మా యను న్యాయాధికారి యుండెను. కచేరీపని తీఱిన తరువాత గణితము చేసికొనువాఁడు, అచ్చు వేయించినది దాదాపు లేదు, అన్నియు జాబులే. ఆయన ఉపాయమును నేఁటి వాడుకలో చెప్పెదను. వర్గముల వక్రమును తీసికొనుఁడు: అడ్డముగా 3 పోయిన ఎత్తు 9, 4 పోయిన ఎత్తు 16. ఈ రెండు బిందువులను కలిపిన ఛేదనరేఖ అడ్డముగా 1 పోవునప్పటికి 7 ఎక్కును. దాని వాలు 7. రెండవ బిందువును దగ్గఱకు జరుపుఁడు. 3.5 వద్ద నుంచిన వాలు 6.5; 3.1 వద్ద 6.1, 3.01 వద్ద 6.01. ఏ వైపునకు పోవుచున్నదో పిల్లవాఁడైనను చెప్పఁగలఁడు. కాని ఇట్లు ఒక్కొక్క సంఖ్య వేయుట లెక్క యగును గాని శాస్త్రము కాదు. కావున జరిపిన దూరమునకు "చ" అని పేరు పెట్టుదము. 3, చ కలిపి వర్గించిన 9, 6చ, చ వర్గము మూఁడును వచ్చును. 9 తీసివేసి, మిగిలినదానిని చ చేత భాగించిన 6, చ మిగులును. ఇప్పుడు చ ను విడిచిపెట్టుఁడు. వాలు 6. ఏ వంపునకైనను సమీకరణము తెలిసిన ఇట్లే చేయవచ్చును. అన్ని తాళములకు ఒక్క తాళపుచెవి దొరకినది.

చ ను విడిచిపెట్టుట కేమి యధికారము? ఫెర్మా దీనికి సూటిగా బదులు చెప్పలేదు. ప్రాచీనుఁడైన డయోఫాంటసు వాడిన ఒక మాటను తీసికొని, ఇవి సమానములు కావు, సమానప్రాయములు అని మాత్రము చెప్పి ముందుకు సాగెను.

అదే కాలమున దేకార్తు తన జ్యామితిని 1637లో ప్రకటించెను. తాను తెలిసికొనఁగోరిన ప్రశ్నలలో ఇంత ఉపయోగకరమైనది, ఇంత వ్యాపకమైనది మఱొకటి లేదని ఆయన ఈ సమస్యను గూర్చియే వ్రాసెను. ఆయన త్రోవ వేఱు. వంపును రెండుచోట్ల కోయు వృత్తమును గీచి, ఆ రెండు బిందువులును ఒక్కటియగునట్లు చేయును. సమీకరణమునకు రెండు మూలములు సమానము కావలెను. అందు మాయమగు పరిమాణము లేదు, ఎవరును తప్పుపట్టఁజాలరు. కాని వంపు కొంచెము చిక్కైనదైన లెక్క కొండవలె పెరుగును.

ఫెర్మా వ్రాఁత పారిసులో మెర్సెన్ అను సన్న్యాసిద్వారా 1638 మొదట దేకార్తు చేతికి చేరెను. ఆ దినములలో పండితుల జాబులన్నియు ఈయన చేతులమీఁదుగానే నడచుచుండెను. దేకార్తునకు కోపము వచ్చినది. ఇది పద్ధతి కాదు, అదృష్టవశమున కుదిరినది అని ఆక్షేపించెను. ఒక వంపును పన్నెను: రెండు కొలతల ఘనముల మొత్తము ఆ కొలతల లబ్ధమునకు ఒక స్థిరసంఖ్య రెట్లుండునది. ఆకువలె ఒక మడత కలిగియుండును గావున దానికి తరువాత ఆకు అనియే పేరు నిలిచినది. దీనికి స్పర్శరేఖ గీయుము చూతమని సవాలు విసరెను. ఫెర్మా గీచెను. దేకార్తు సొంత పద్ధతికి ఆ వంపు మింగుడుపడునది కాదు. ఆ యేఁటనే దేకార్తు, మొదటనే ఇట్లు వివరించియుండిన తాను కాదని యుండనని మర్యాదగా తగ్గెను. మనసు పూర్తిగా కరఁగినదని నేను నమ్మను. కాని నాకు దేకార్తుమీఁద ఒక సానుభూతి కలదు. ఫలితము సరియైనంత మాత్రమున హేతువు సరియైనది కానేరదు గదా! ఆ పట్టుదల వ్యర్థము కాలేదు. వందేండ్లకు మఱొకఁడు దానిని ఎత్తుకొనెను.

అక్కడికి పోవుటకు ముందు చలనమును గూర్చి ఒక మాట. వంపుయొక్క వాలుకును, కదలు వస్తువుయొక్క వేగమునకును లెక్క ఒక్కటే. పైనుండి విడిచిన రాయి ఒక సెకనులో 16 అడుగులు, రెండు సెకనులలో 64 అడుగులు పడును. కాలముయొక్క వర్గమును 16 చేత హెచ్చవేయవలెను. మొదటి సెకను ముగిసిన క్షణమున దాని వేగమెంత? మొదటి సెకను నుండి రెండవదాఁక సగటు వేగము 48. మొదటి సెకను నుండి సెకనులో పదవవంతు కాలములో 33.6, నూఱవవంతులో 32.16. ఆ క్షణమున 32. సగటు వేగము ఛేదనరేఖ, తత్క్షణవేగము స్పర్శరేఖ. జొన్నచేనిలో మంచెమీఁది కాపరి వడిసెల త్రిప్పి విడిచినప్పుడు రాయి పోవు దారి ఆ తత్క్షణపు దారియే, వృత్తముయొక్క స్పర్శరేఖయే.

ఈ రెండు వేగముల భేదమును మన జ్యోతిషులు ముందే ఎఱిఁగిరి. వారిని ఆ భేదము ఎఱుఁగునట్లు చేసినది పంచాంగము. నేఁటి స్ఫుటగ్రహమునుండి నిన్నటిది తీసివేసిన దినగతి వచ్చును. అది ఛేదనరేఖ. సూర్యునివంటి మందగామికి దానితో పని జరుగును. చంద్రునికి జరుగదు; ఆయన గతి క్షణక్షణము మాఱును. తిథి ఏ ఘడియకు ముగియునో చెప్పవలె ననిన ఈ దోషము పైకి తేలును. 1114లో జన్మించిన భాస్కరాచార్యుఁడు 1150లో రచించిన సిద్ధాంతశిరోమణిలో, తిథ్యంతము దగ్గఱలో నున్నప్పుడు చంద్రునికి తాత్కాలికగతియే తగినదనియు, దూరమైనప్పుడు స్థూలమైన దినగతి చాలుననియు విధించెను. తాత్కాలిక మనఁగా ఆ క్షణమునకు చెందినది.

ఆయన దానిని సాధించిన తీరు చూడఁదగినది. వింటిబద్దను కలుపు నారికి జ్య యని పేరు. జ్యోతిషులు ఆ జ్యలో సగమునే జ్య యని వాడుదురు. 499లో వెలసిన ఆర్యభటీయమున 225 కలల కొకటిగా జ్యల భేదములు ఇయ్యఁబడినవి: 225, 224, 222, 219, ఇట్లు తగ్గుచు పోవును. 30 భాగలకు ముందటి భేదము 199, తరువాతిది 191. అయితే సరిగా 30 భాగలయొద్ద జ్య పెరుగు తీరెంత? ముందటిదా, తరువాతిదా? భాస్కరుఁడు త్రైరాశికము వేసెను. కోటిజ్య త్రిజ్యకు సమానమైనచోట భేదము 225 అయినచో, ఇచ్చటి కోటిజ్యకు ఎంత? ఆర్యభటుని సంఖ్యలతో 30 భాగలకు కోటిజ్య 2978, త్రిజ్య 3438. హెచ్చవేసి భాగించిన దాదాపు 195 వచ్చును. 199కి, 191కి సరిగా నడుమ! ఇరుప్రక్కల రెండు ఛేదనరేఖలు, నడుమ స్పర్శరేఖ. ఈ లెక్క నేను మొదటిసారి వేసికొన్న రాత్రి నాకు నిద్రపట్టలేదు.

అయినను మనవారే సర్వమును కనిపెట్టిరని చాటుట నాకు రుచింపదు. భాస్కరుఁడు ఏ వంపునకైనను చెల్లు విధానమును చెప్పలేదు. ఆయన పని జ్యలతో, గ్రహములతో ముగిసినది. కేరళమున మాధవుని శిష్యపరంపర ఇంకను దూరము పోయి, వృత్తపరిధిని, జ్యలను అనంతశ్రేఢులతో సాధించెను. అది వేఱొక ప్రసంగమునకు తగినది. ఐరోపావారికి ఇవి చేరినట్లు సాక్ష్యము లేదు.

ఐరోపాలో బారో 1670లో అచ్చువేయించిన ఉపన్యాసములందు చాపముయొక్క అత్యల్ప ఖండముతో చిన్న త్రిభుజమును గట్టి స్పర్శరేఖను సాధించెను. ఆయన విడిచిన ఆచార్యపీఠమును 1669లో అధిష్ఠించినవాఁడు న్యూటను. 1684లో లైబ్నిట్సు తన నూతన కలనమును ప్రకటించిన వ్యాసముయొక్క పేరులోనే స్పర్శరేఖలు కలవు. ఆయన శిష్యవర్గమునకు వక్రరేఖ యనఁగా అనంతమైన భుజములు గల బహుభుజి. ఆ భుజమును పొడిగించినదే స్పర్శరేఖ. అనఁగా రెండు బిందువుల నడుమ దూరము అనంతాల్పమైన ఛేదనరేఖ. న్యూటను 1687 నాఁటి ప్రిన్సిపియాలో మఱియొక విధముగా పలికెను: చాపముయొక్క దూరపుకొన ఇవతలి కొనను సమీపించుకొలఁది జ్యకును స్పర్శరేఖకును నడుమ కోణము అంతులేకుండ తగ్గి, తుదకు లుప్తమగును, చాపము, జ్య, స్పర్శరేఖ మూఁటి తుది నిష్పత్తి సమానత్వమే. ఎవరు ముందు, ఎవరు వెనుక యని వీరి యనుచరులు చేసిన కలహముతో మనకు పని లేదు.

1734లో ఐర్లండు దేశీయుఁడైన బర్క్లీ యను క్రైస్తవ ధర్మాధికారి ఒక చిన్న పుస్తకము వ్రాసెను. మతవిషయములను నమ్మరానివని పరిహసించు గణితజ్ఞులారా, మీ కలనము మాత్రము ఏపాటి హేతుబద్ధమని ఆయన ప్రశ్న. చ చేత భాగించునపుడు చ సున్న కాదంటిరి. సున్నచేత భాగింపరాదు గదా. భాగించిన మఱుక్షణమున చ సున్న యంటిరి. ఉన్నదని ఊహించి గడించిన ఫలమును, లేదని చెప్పిన పిదప ఉంచుకొనుట ఏ తర్కము? మాయమైన ఆ పరిమాణములను ఆయన దయ్యములతో పోల్చెను. పరావలయమునే ఉదాహరించి, రెండు తప్పులు ఒకదానినొకటి కొట్టివేయుటచేత సరియైన ఫలము వచ్చుచున్నదని చూపెను. మన పరిభాషలో ఇది వ్యాఘాతము. ఆయన ఉద్దేశమేదైనను వాదము గట్టిది. జూరిన్ మొదలైనవారు బదులు వ్రాసిరి. మెక్లారిన్ 1742లో పెద్ద గ్రంథమే వ్రాసెను. ముల్లు మాత్రము గుచ్చుకొనియే యుండెను.

దీనికి పరిహారము తోఁచుటకు మనకు తెలిసిన న్యాయమొకటి తోడ్పడును. పెండ్లినాఁడు వధువునకు అరుంధతిని చూపునప్పుడు ఆ సూక్ష్మనక్షత్రము కంటి కానదు. కావున ముందు దాని సమీపమున ప్రకాశించు పెద్దచుక్కను చూపి, తరువాత దానిని విడిచి అరుంధతిని చూపుదురు. ఇది స్థూలారుంధతీ న్యాయము. పెద్దచుక్క అరుంధతిగా మాఱదు. చూపు అక్కడికి చేరుటకు త్రోవ మాత్రము చూపును. ఛేదనరేఖయు ఎన్నఁడును స్పర్శరేఖ కాదు. రెండు బిందువులు ఒక్కటియైన క్షణమున ఛేదనరేఖయే లేదు. మఱి స్పర్శరేఖ యేది? ఆ ఛేదనరేఖలన్నియు ఏ స్థిరమైన రేఖను మనము కోరినంత దగ్గఱగా సమీపించునో, అది. 1754లో ఫ్రెంచి విజ్ఞానసర్వస్వమున దలాంబేరు స్పర్శరేఖ ఛేదనరేఖల అవధి యని స్పష్టముగా వ్రాసెను. 1821లో కోషీ ఆ అవధి యను మాటను కలనమునకంతకు పునాదిగా వేసెను. వయర్‌స్ట్రాస్ దానిని అసమానతల భాషలో బిగించెను.

ఆ బిగింపు ఎట్టిదో మన ఉదాహరణముతోనే చెప్పవచ్చును. వాలు 6 అని నేనంటిని. నూఱవవంతు భేదమును కూడ సహింపనని మీరందురు. సరే, రెండవ బిందువును 3కు నూఱవవంతు కంటె దగ్గఱగా నుంచుఁడు. భేదము నూఱవవంతులోపే యుండును. లక్షవవంతు అందురా? లక్షవవంతు కంటె దగ్గఱగా నుంచుఁడు. మీరు ఏ హద్దు పెట్టినను నాకు బదులు కలదు. ఎచ్చటను చ ను సున్న చేయలేదు, సున్నచేత భాగింపలేదు. బర్క్లీకి సమాధానమిదియే. అనంతాల్పములను నమ్మిన లైబ్నిట్సు పక్షమును పూర్తిగా ఓడినదనరాదు. 1960 తరువాత రాబిన్సను వానికిని తర్కశాస్త్రమున నిలువనీడ కల్పించెను.

ఈ కొత్త లక్షణము నా పాతదానిలోని మఱొక దోషమును కూడ బయటపెట్టినది. పెంకుటింటి కొప్పుమీఁద ఒక కఱ్ఱను అడ్డముగా నిలుపుఁడు. కొప్పును ఒక్కచోటనే తాఁకును, కప్పును ఖండింపదు. కొంచెము అటు వంచినను, ఇటు వంచినను అంతే. నా లక్షణము ప్రకారము ఇవన్నియు స్పర్శరేఖలే, ఇది అతివ్యాప్తి. ఛేదనరేఖల నడిగిన, ఎడమనుండి వచ్చునవి ఒక వాలును, కుడినుండి వచ్చునవి వేఱొక వాలును చెప్పును; కావున అచ్చట స్పర్శరేఖయే లేదు. 1872లో వయర్‌స్ట్రాస్ తెగని వంపు నొకదానిని చూపెను. దానికి ఏ బిందువునందును స్పర్శరేఖ లేదు.

ఇఁక ఆ పిల్లవాని కాగితము. వాఁడిప్పుడెక్కడ నున్నాఁడో నే నెఱుఁగను; ఈ ప్రసంగము విన్నచో ఈ లెక్క వానికే. ఘనముల వక్రమునందు 1 వద్ద ఎత్తు 1. అక్కడినుండి చ దూరము జరిగి ఛేదనరేఖ గీచిన దాని వాలు 3, 3చ, చ వర్గము కలిసినది, అవధి 3. కావున స్పర్శరేఖ అడ్డముగా ఒకటి పోవునప్పటికి 3 ఎక్కును, వెనుకకు ఒకటి పోవునప్పటికి 3 దిగును. 1 నుండి వెనుకకు మూఁడు అడుగులు వేయుము. సున్నకు ఎడమగా 2 వద్దకు చేరుదువు. ఎత్తు 1 నుండి 9 దిగి, 8 దిగువకు వచ్చును. ఋణము 2 ఘనము ఋణము 8. వంపు సరిగా అక్కడనే యున్నది. గీత దానిని అక్కడ కోసికొని పోవుచున్నది. నాయనా, నీవు గీచినది స్పర్శరేఖయే.